నేను వేసే ప్రతి కొండా మీద పడేట్టు ఉంటోంది, ఏం చేయాలి?

కొత్తకుంచె:
రిటైరై ఐదు నెలలైంది. ముప్పై రెండేళ్లు పొద్దున్నే పరుగులు పెట్టినవాణ్ణి, ఇప్పుడు ఎనిమిదైతే ఏం చేయాలో తోచదు. అమ్మాయి వాటర్‌కలర్ డబ్బా కొనిచ్చింది. కిటికీలోంచి కనిపించే కొండలే రోజూ వేస్తున్నా. ముందున్న చెట్లు పర్వాలేదు, వెనక కొండలే మీదికొచ్చేస్తాయి. ఆకుపచ్చ వేస్తా, చాల్లేదని ఇంకాస్త వేస్తా, చివరికి బురద. నిన్నటిది చింపేశా. ఈ వయసులో ఇది నాకు అబ్బుతుందంటారా?

నీలిగీత:
వయసు సంగతి వదిలేయండి సార్. చర్చిల్ కుంచె పట్టింది 1915లో, నలభై ఏళ్లకి, నౌకాదళ మంత్రి పదవి ఊడిన ఏడాదే. మీ చిక్కంతా రంగులో ఉంది. కొండ మీద చెట్లున్నాయని తెలుసు కాబట్టి ఆకుపచ్చ వేస్తున్నారు. ఓసారి తేరిపార చూడండి. మధ్యలో ఉన్న గాలి నీలి వెలుగుని చెదరగొట్టి మనవైపు పంపుతుంది, అందుకే దూరం పోయేకొద్దీ కొండ నీలంగా, పాలిపోయి కనిపిస్తుంది. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలంలో రవ్వంత బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు, బోలెడు నీళ్లు. ముందుగా అన్నిటికంటే దూరపుది వేసి, అది ఆరాక దాని ముందుది కాస్త చిక్కగా. ఆరేదాకా ముట్టుకోకూడదు. కష్టమంతా అక్కడే.

రెండుగ్లాసులు:
మా ఆయన పోయాక ఏడాదిపాటు నేనూ కిటికీ బొమ్మలే వేశానండీ. అన్నీ మసిబారినట్టు వచ్చేవి. మనసు అలా ఉంది కదా అని చుట్టాలు జాలిపడేవారు. తీరా చూస్తే, కుంచె కడిగిన మురికి నీళ్లే మళ్లీ రంగులో కలుపుతున్నా! కడగడానికొకటి, కలపడానికొకటి గ్లాసు పెట్టాక ఆకాశం తేటపడింది. రేపు ఇదే టైముకి వెలుతురు ఎలా ఉంటుందో చూడాలని మొదటిసారి అనిపించిన రోజు నాకింకా గుర్తు.

చిత్రకారుడు వాన్ గో వేసిన 'స్టారీ నైట్' బొమ్మ కూడా 1889 జూన్‌లో మానసిక చికిత్సాలయం కిటికీలోంచి చూసిందే. అందులో ఊరు మాత్రం ఆ కిటికీలోంచి కనపడేది కాదట, తనే పెట్టుకున్నాడు. కాబట్టి మీరూ అడ్డొచ్చే కరెంటు స్తంభం ఉంటే మొహమాటపడకుండా తీసేయండి.

కొత్తకుంచె:
వేశాను. రెండు కొండలు నిజంగానే వెనక్కి వెళ్లాయి! మూడోది ఆరేలోపే చెయ్యి ఊరుకోలేదు, నీటిచుక్క పడి కాలీఫ్లవర్‌లా మచ్చ పాకింది. మా ఆవిడ చూసి "అక్కడ వానొస్తోందా?" అంది. అవునన్నాను. చింపలేదు. రేపు ఆరింటికే కూర్చుంటా, మంచు విడవకముందు ఆ కొండ ఏ రంగులో ఉంటుందో చూడాలి.