అప్‌డేట్: పడవలో నీటి పంపు పదేపదే ఆగి తిరగడం తగ్గింది

కుళాయి కొద్దిగా తెరిచినా మా పడవలోని పంపు క్షణానికోసారి ఆగి మళ్లీ తిరుగుతోందని, 0.75 లీటర్ల అక్యుములేటర్ (లోపల ఒక పొరకు ఒకవైపు గాలి, మరోవైపు నీరు ఉండి, కొంత నీటిని ఒత్తిడితో నిల్వ ఉంచే చిన్న ట్యాంకు) సరిపోతుందా, 2 లీటర్లది కావాలా అని లోగడ అడిగాను. మీ సలహా మేరకు 2 లీటర్లదే తీసుకుని, పంపు నుంచి నీరు బయటికి వచ్చే వైపు, హీటర్‌కూ కుళాయిలకూ గొట్టం చీలడానికి ముందే బిగించాను.

అయితే బిగించిన మొదటి రోజు ఆశించినంత తేడా కనిపించలేదు. కారణం గాలి పీడనం: మా పంపు 25 పీఎస్‌ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర మొదలై 40 దగ్గర ఆగుతుంది, అక్యుములేటర్‌లో మాత్రం తయారీదారు నింపిన గాలి 10 పీఎస్‌ఐ మాత్రమే ఉంది. పంపు ఆపి, కుళాయిలన్నీ తెరిచి, గొట్టాల్లోని ఒత్తిడి పూర్తిగా పోయాక, సైకిల్ పంపుతో ఆ గాలిని, నీటి పంపు మొదలయ్యే పీడనానికి కాస్త తక్కువగా, 23కు పెంచాను. ఒత్తిడి పోకుండా కొలిస్తే గేజీ నీటి పీడనాన్నే చూపుతుంది కనుక ఈ క్రమం తప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు పంపు తిరగకుండానే దాదాపు అర లీటరు నీరు వస్తోంది. రాత్రి చేతులు కడుక్కున్నా పక్క గదిలో నిద్రిస్తున్నవారు లేవడం లేదు. అక్యుములేటర్‌కు గాలి నింపే వాల్వు సూదిని నొక్కి చూశాను, గాలే వచ్చింది. నీరు వచ్చి ఉంటే లోపలి పొర చిరిగినట్టే. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు.