అప్‌డేట్: వేరుశనగలో తాలు కాయలు, జిప్సం వేశాక

ఎర్ర గరప నేలలో కదిరి-6 రకం వేరుశనగ వేశాను, చెట్టు పచ్చగా ఉంది కానీ కాయ నొక్కితే లోపల పప్పే లేదు, యూరియా పెంచాలా అని పోయిన ఖరీఫ్‌లో అడిగాను కదా. చాలామంది కాల్షియం లోపం, కాల్షియం ఉండే జిప్సం వెయ్యమన్నారు. ఈసారి వేశాను.

ఎకరాకు 200 కిలోలు. ఊడలు (పూత తర్వాత మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే టైంలో, కలుపు తీశాక మొదళ్ల దగ్గర చల్లి మట్టి ఎగదోశాం. పోల్చుకోవడానికి ఒక మడి వదిలేశాను.

వేరు తీసుకున్న కాల్షియం ఆకుకు ఎక్కుతుందే తప్ప మళ్లీ కిందికి దిగి కాయకు రాదట. కాయే తన చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకోవాలి. చెట్టు పచ్చగా ఉన్నా తాలు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. పై మట్టి ఎండిపోతే జిప్సం ఉన్నా కాయకు అందదు కాబట్టి, వాన మొహం చాటేసినప్పుడు స్ప్రింక్లర్ పెట్టాను.

జిప్సం వేసిన చోట కాయ గట్టిగా, బరువుగా ఉంది. వదిలేసిన మడిలో మళ్లీ అదే తాలు. అక్కడి పప్పును బద్దలుగా విడదీస్తే కొన్నింట్లో లోపలి మొలక నల్లగా కనిపించింది. అది కూడా కాల్షియం లోపమేనట, అలాంటి విత్తనం సరిగా మొలవదు. ఆ మడి కాయ నూనె మిల్లుకే, విత్తనానికి మాత్రం జిప్సం వేసిన చోటిదే దాచాను.

పొటాష్ ఎరువు కూడా వెయ్యాలా అని అడిగినవాళ్లకు: కాయలు ఊరే చోట అది ఎక్కువైతే కాల్షియానికి అడ్డుపడుతుంది. భూసార పరీక్ష చూసుకునే వెయ్యండి.