ఈపీఎస్ 95 నిధి లోటులో ఉందంటున్నారు: ఆర్టీసీ రిటైరీల పెన్షన్‌కు ముప్పు ఉందా?

ప్రశ్న: విశ్రాంత కండక్టర్, కరీంనగర్

మిత్రులందరికీ నమస్కారం. నేను 2012లో 58 ఏళ్లు నిండి ఆర్టీసీ నుంచి పదవీ విరమణ పొందాను. ఈపీఎస్ 95 (ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995) కింద నెలకు రెండు వేల పైచిలుకు పెన్షన్ వస్తోంది; మొదటి నెల ఎంత వచ్చిందో నేటికీ అంతే. ఇటీవల మా రిటైరీల సంఘం సమావేశంలో ఒకరు పెన్షన్ నిధి లోటులో ఉందని కేంద్రమే పార్లమెంటులో చెప్పిందన్నారు. ఇంకొకరు అదే నిధిలో లక్షల కోట్లు మూలుగుతున్నాయన్నారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? మన పీఎఫ్ ఆర్టీసీ సొంత ట్రస్టులో ఉండేది కదా, పెన్షన్ కూడా అక్కడి నుంచే వస్తోందా? అన్నిటికంటే ముఖ్యంగా, నా తర్వాత నా భార్యకు రావలసిన పెన్షన్ ఆగిపోయే ప్రమాదం ఉందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా ప్రార్థన.

జవాబు 1: విశ్రాంత అకౌంట్స్ అధికారి, విజయవాడ

అన్నగారూ, ముందుగా ట్రస్టు సంగతి. పీఎఫ్ ఖాతా సంస్థ ట్రస్టులో ఉన్నప్పటికీ, 1995 నవంబరు 16 నుంచి యాజమాన్యం వాటా నుంచి జీతంలో 8.33 శాతం (పరిమితి మేరకు) నేరుగా కేంద్ర పీఎఫ్ సంస్థ నిర్వహించే పెన్షన్ నిధికే వెళ్లింది. కనుక ఆర్టీసీ లాభనష్టాలకూ మీ నెలవారీ పెన్షన్‌కూ సంబంధం లేదు.

ఇక మీరు విన్న రెండు మాటలూ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు లెక్కలు. నిధిలో ఇవాళ ఎంత డబ్బుందన్నది ఒక లెక్క. ఇప్పుడు చందా కడుతున్న కోట్లాది సభ్యులకు రాబోయే ముప్పై నలభై ఏళ్లలో చెల్లించవలసిన పెన్షన్లన్నిటినీ, వారి భార్యాభర్తలకు, పిల్లలకు ఇవ్వవలసినవాటితో సహా, నేటి విలువకు కుదించి, దానిని ఉన్న నిధితోనూ రాబోయే చందాలతోనూ పోల్చి చూడడం రెండో లెక్క. ఈ రెండోదానిలో తేలిన తరుగునే యాక్చూరియల్ లోటు అంటారు. 2019 మార్చి 31 నాటి మదింపులో అటువంటి లోటు ఉన్నట్లు కేంద్రం పార్లమెంటుకు చెప్పిన మాట వాస్తవమే. వడ్డీ ఎంత వస్తుంది, మనుషులు ఎన్నేళ్లు బతుకుతారు, జీతాలు ఎంత పెరుగుతాయి అన్న అంచనాల మీద ఆధారపడే లెక్క అది. అంచనా కొద్దిగా మారినా వేల కోట్ల తేడా వస్తుంది.

నగదు మాటకొస్తే పరిస్థితి వేరు. 2024 డిసెంబరులో, కేంద్రీకృత పెన్షన్ చెల్లింపు విధానం దేశమంతటా అమలుకు సిద్ధమైనప్పుడు, 68 లక్షలకు పైగా పెన్షనర్లకు ఆ నెల సుమారు 1,570 కోట్ల రూపాయలు చెల్లించినట్లు ప్రకటించారు. భాగించి చూడండి, మనిషికి సగటున 2,300 రూపాయల చిల్లర. ఏడాదికి 19 వేల కోట్ల లోపు. లక్షల కోట్ల నిధి మీద వచ్చే వడ్డీయే అంతకు మించి ఉంటుంది, చందాలు దానికి అదనం. కాబట్టి మీ పెన్షన్ గానీ, మీ తదనంతరం వదినగారికి రావలసిన సగం పెన్షన్ గానీ ఆగిపోతుందన్న భయం అక్కరలేదు. ఆ సగం వెయ్యి రూపాయల కంటే తక్కువైతే 2014 సెప్టెంబరు నుంచి ఉన్న కనీస పెన్షన్ నిబంధన వర్తిస్తుంది. ఆ తేడాను నిధి నుంచి కాక బడ్జెట్ నుంచి కేంద్రం భరిస్తుంది.

జవాబు 2: విశ్రాంత మెకానిక్, వరంగల్

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి. భయం అక్కరలేదని ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్లవుతుంది. నిధి ఇంత నిబ్బరంగా కనబడడానికి కారణమే మన పెన్షన్ పెరగకపోవడం. తొలి ఏళ్లలో కొద్దిపాటి పెంపుదలలు ఇచ్చారు, 2000 తర్వాత అవీ లేవు. కరవు భత్యం అన్న మాటే ఈ పథకంలో లేదు. స్కీము 32వ పేరా ప్రకారం నిధిని ఏటా మదింపు చేయించాలి, నిధి అనుమతించినప్పుడు ప్రయోజనాలను మార్చవచ్చు. లోటు ఉందని తేలిన ప్రతిసారీ పెంపు అడిగేవారికి ఆ లోటునే సమాధానంగా చూపిస్తారు. అంటే లోటు భారాన్ని ధరల రూపంలో మనమే మోస్తున్నాం, పద్దుల్లో మాత్రం అది కనబడదు.

కొత్తగా రిటైరయ్యేవారి విషయంలోనూ నిధిని కాపాడే పేరుతో మార్పులు జరిగాయి. 2008లో కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని ఒకేసారి పెద్ద మొత్తం తీసుకునే వీలు) తీసేశారు. 2014లో వేతన పరిమితిని, అంటే పెన్షన్ చందా లెక్కకు తీసుకునే గరిష్ఠ నెల జీతాన్ని, 6,500 నుంచి 15,000కు పెంచినప్పుడు, 2014 ఆగస్టు వరకు చేసిన సర్వీసుకు పాత పరిమితినే కట్టి, పెన్షన్ లెక్కకు తీసుకునే చివరి 12 నెలల జీతం సగటును 60 నెలల సగటుగా మార్చారు. ప్రభుత్వ వాటా మాత్రం నాడూ నేడూ జీతంలో 1.16 శాతమే, అదీ పరిమితి వరకే. 15,000 మీద లెక్కిస్తే నెలకు 174 రూపాయలు. భగత్ సింగ్ కోషియారీ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ ఈ వాటాను పెంచాలని, కనీస పెన్షన్ మూడు వేలు చేయాలని 2013లోనే సిఫారసు చేసింది. లోటు గురించి మాట్లాడేవారు ఈ సిఫారసు గురించి ఎందుకు మాట్లాడరో నాకు అంతుపట్టదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 2022 సుప్రీంకోర్టు తీర్పుతో అసలు జీతం మీద అధిక పెన్షన్ వస్తుందని కొందరు దరఖాస్తు నింపిస్తామంటున్నారు. అది నాకు వర్తిస్తుందా? దాని వల్ల నిధి మీద భారం పెరగదా?

జవాబు 3: విశ్రాంత అకౌంట్స్ అధికారి, విజయవాడ

మీకు వర్తించదు అన్నగారూ. 2014 సెప్టెంబరు 1కి ముందు రిటైరైనవారిలో, అప్పటికే పూర్తి జీతం మీద చందాకు ఉమ్మడి ఆప్షన్ (ఉద్యోగి, యాజమాన్యం కలిసి ఇచ్చే అంగీకారం) ఇవ్వనివారికి ఆ అవకాశం లేదని 2022 నవంబరు 4 తీర్పులోనే స్పష్టంగా ఉంది. మీరు 2012లో రిటైరయ్యారు, ఆప్షన్ ఇచ్చిన దాఖలా మీ కాగితాల్లో లేకపోతే ఎవరికీ రూపాయి కూడా ఇవ్వకండి. అర్హత ఉన్నవారు సైతం పరిమితి మీద కట్టిన చందాకూ పూర్తి జీతం మీద కట్టవలసినదానికీ ఇన్నేళ్లుగా ఉన్న తేడా సొమ్మును వడ్డీతో సహా పీఎఫ్ నుంచి పెన్షన్ నిధికి మళ్లించవలసి ఉంటుంది. అలా మళ్లించినా జీవితాంతం ఇవ్వవలసిన పెన్షన్‌కు ఆ సొమ్ము చాలదన్నదే పీఎఫ్ సంస్థ వాదన. అందుకే ఆ కేసు అన్నేళ్లు నడిచింది.

వరంగల్ మిత్రుడు చెప్పిన ప్రభుత్వ వాటా విషయంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. మీ సంఘం వినతిపత్రం రాస్తే నిధి ఖాళీ అవుతోందని రాయకండి, ఆ మాట నిలబడదు. ఏటేటా మదింపు నివేదికను పూర్తిగా బయటపెట్టాలని, అందులో కరవు భత్యం ఇస్తే ఎంత ఖర్చవుతుందో, ప్రభుత్వ వాటా పెంచితే అందులో ఎంత సర్దుబాటవుతుందో విడిగా లెక్క కట్టించాలని అడగండి. ఇంకొకటి, లైఫ్ సర్టిఫికెట్ ఏడాదిలో ఏ నెలలో ఇచ్చినా ఇచ్చిన తేదీ నుంచి 12 నెలలు చెల్లుతుంది. పెన్షన్ ఆగిపోయిందని నా దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమందికి అది గడువు దాటడమే కారణం.