మట్టి పరీక్షకు నమూనా: పైనుంచి అరకిలో తీసి పంపితే చాలా?

నల్లరేగడి: చేలో పది చోట్ల జానెడు లోతున మట్టి తీశాను. అంతా కలిపితే ఆరు కిలోలైంది. ల్యాబ్ వాళ్లు అరకిలో చాలన్నారు. పైనుంచి తీసి పంపెయ్యనా? కాస్త తడిగా ఉంది, ఎండలో ఆరబెడదామనుకుంటున్నా.

పాతనాగలి: ఆగండి, ఎండలో వద్దు. వేడి తగిలితే పొటాష్ అంకె మారిపోతుంది. నీడలో, గాలి ఆడేచోట గుడ్డ మీద పల్చగా పరవండి. పైనుంచి తీయడమూ కుదరదు, సన్నమట్టి అడుక్కి జారిపోయి ఉంటుంది. గడ్డలు చిదిపి, బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగతా రెండూ మళ్లీ కలపండి. అరకిలో మిగిలేదాకా ఇదే వరస. విసుగు పుడుతుంది లెండి.

మెట్టసాగు: నేను చేసిన తప్పు చెప్తా. మట్టంతా జింకు పూత ఉన్న ఇనుప బకెట్లో కలిపాను. రిపోర్టులో జింకు పుష్కలం అని వచ్చింది. మొక్కజొన్న చూస్తే లేత ఆకులు తెల్లగా పాలిపోతున్నాయి! మళ్లీ తీసి ప్లాస్టిక్ టబ్బులో కలిపి పంపితే లోపం బయటపడింది. మొదటిసారి పరీక్షించింది నా బకెట్‌నన్నమాట.

నల్లరేగడి: టెన్షన్ పెట్టారు. నాది తుప్పు పట్టిన పార.

ల్యాబ్‌మనిషి: ఉదజని సూచిక (pH), భాస్వరం, పొటాష్‌లకైతే దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఇనుము, జింకు లాంటివి కూడా చూడాలంటే, పార తగిలిన అంచుల్ని చెక్కముక్కతో గీకేసి మధ్య మట్టి తీసుకోండి. రాళ్లు, వేళ్లు ఏరితే చాలు. చెక్క రోకలితో దంచి 2 మి.మీ. జల్లెడ పట్టడం మా పని. ఎరువు సంచిలో మాత్రం పంపకండి. చీటీ పెన్సిల్‌తో రాయండి, చెమ్మకి ఇంకు అలుక్కుపోతుంది.

మెట్టసాగు: సూక్ష్మజీవుల పరీక్షకీ ఇలాగే ఆరబెట్టాలా?

ల్యాబ్‌మనిషి: దానికి పూర్తిగా వేరు. ఆరబెడితే చాలావరకు చచ్చిపోతాయి. పచ్చిమట్టినే కవర్లో పెట్టి, 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా చేర్చాలి. గడ్డకట్టనివ్వొద్దు.

పాతనాగలి: నల్లరేగడి గారూ, ఆ పది చోట్లలో గట్టు పక్కవి, చెట్టు కిందవి, పెంటకుప్ప పోసిన చోటు లేవు కదా?

నల్లరేగడి: పెంటకుప్ప చోటు ఒకటుందండీ. అంతా కలిపేశాను కూడా. రేపు మళ్లీ తవ్వుతా.