ఉత్తర ధ్రువం అడుగున సముద్రగర్భం ఎవరిదో తేల్చేదెవరు?

ధ్రువం మీదుగా నీళ్లలో మునిగి ఉన్న లొమొనోసోవ్ పర్వతశ్రేణి తమ ఖండానికి కొనసాగింపే కాబట్టి అక్కడి సముద్రగర్భం మీద హక్కు తమదేనని గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్ 2014లో, రష్యా 2001లో ఒకసారి, 2015లో మళ్లీ, కెనడా 2019లో ఐక్యరాజ్యసమితి కమిషన్‌కి కాగితాలు పెట్టుకున్నాయి. 2007లో రష్యా వాళ్లు 4 కిలోమీటర్ల పైచిలుకు లోతుకి దిగి టైటానియం జెండా కూడా పాతొచ్చారు. అదంతా ఉత్త షో అనుకోండి.

నా డౌటల్లా ఒకటే. ఆ కమిషన్ రాళ్లూ లోతులూ చూసి సైన్స్ సరిపోయిందో లేదో చెబుతుందే తప్ప దేశాల మధ్య గీత గీయదు. మరి ముగ్గురి లెక్కా కరెక్టే అని తేలితే? అడుగున చమురో గ్యాసో దొరికితే ఎవరు తవ్వుకోవాలి? 2010లో నార్వే, రష్యా బేరెంట్స్ సముద్రాన్ని పంచుకున్నట్టు కూర్చుని మాట్లాడుకోవడమేనా, కోర్టుకి వెళ్లే దారి ఉందా? సముద్ర చట్టం చదివినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.