అప్‌డేట్: కొత్త కాంపౌండ్ విల్లు, ఎడమకి పోయే బాణాలు

పోయిన నెల అడిగాను కదా, కొత్త కాంపౌండ్ విల్లుతో (కొసల్లో చక్రాలుండే రకం) బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి, తీగ ముంజేతికి కొట్టి వాతలు తేలుతున్నాయని. తప్పు విల్లుది కాదు, కొలత చూసుకోకుండా కొన్న నాది.

విజయవాడలోనే ఒక కోచ్ గారికి చూపించాను. (విలువిద్య ఛాంపియన్ జ్యోతి సురేఖ ఊళ్లో ఉంటూ నెల రోజులు యూట్యూబ్‌లో వెతికాను, చూడండి!) చేతులు బార్లా చాపమని టేపు పట్టారు: 67 అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే దాదాపు 27. నా విల్లు డ్రా లెంగ్త్ (తీగని వెనక్కి లాగే దూరం) 29 మీద ఉంది! క్యామ్ (విల్లు కొసన ఉండే చక్రం) మీది మాడ్యూల్ అనే ముక్క మార్చి 27కి తెచ్చారు. లింబ్ (వంగే విల్లు బద్ద) బోల్టులు పైదీ కిందదీ సమానంగా వదులు చేసి, లాగే బరువుని 55 పౌండ్ల నుంచి 45కి దించారు. 80 శాతం లెట్-ఆఫ్ (చివర్లో తగ్గిపోయే బరువు) కాబట్టి పూర్తిగా లాగాక వేళ్ల మీద ఉండేది 9 పౌండ్లే.

ఈసారి తీగ ముక్కు కొసకి సరిగ్గా తాకింది. 30 మీటర్లలో ఆరింటికి నాలుగు టార్గెట్ మధ్యలోని పసుపులో పడ్డాయి. ఒకటి ఇంకోదాని నాక్ (తీగకి తగిలించే వెనక కొస) పగలగొట్టింది, పగిలినా సంతోషమే.

గుంటూరు నుంచి బాబాయి ఫోన్: "పొలంలో పందులు పడుతున్నాయిరా, ఆ విల్లు పట్టుకురా." 1972 వన్యప్రాణి చట్టం ఉంది బాబాయ్, అనుమతి లేకుండా వేస్తే కేసే అన్నాను. అలిగాడు.