ఈ యాప్ పోవట్లేదు. ఫోన్ నాదా, దానిదా?

గాలిపటం · రాత్రి 11:48
సాయంత్రం ఏడింటికి కూర్చున్నా, పన్నెండు కావస్తోంది. ఫోన్‌లో ఒక యాప్ ఉంది, ఎంతకీ పోవట్లేదు. నేను వేసుకున్నది కాదు. అన్‌ఇన్‌స్టాల్ బటన్ వెలిసిపోయినట్టు కనిపిస్తోంది, నొక్కితే కదలదు. ఫోర్స్ స్టాప్ కూడా అంతే. పోనీ లొకేషన్ పర్మిషనైనా తీసేద్దామంటే ఏదో మెసేజ్ వచ్చి వెనక్కి తోసేస్తోంది. పది వీడియోలు చూశాను. అందరూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయండి అనేవాళ్లే. ఆ సెట్టింగ్సే కదా నా మాట విననిది! నా ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో, నా డేటా ఎటు పోవాలో నేనే తేల్చుకోవాలి, అంతే నేను అడిగేది. దయచేసి రీసెట్ కొట్టమని మాత్రం ఎవరూ చెప్పకండి.

ముక్తసరి · 11:51
మోడల్? ఆండ్రాయిడ్ వెర్షన్? యాప్ పేరు? వచ్చిన మెసేజ్ ఏంటి?

మేఘమాల · 11:55
డేటా తొందరగా అయిపోతోందాండీ? నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆన్ చేయండి. వెనకాల నడిచే యాప్‌లు నెట్ వాడటం తగ్గిపోతుంది. నాకు బాగా పనిచేసింది.

గాలిపటం · 11:57
అయ్యో, నెట్ బ్యాలెన్స్ గురించి కాదండీ. డేటా అంటే నా ఫొటోలు, కాంటాక్టులు, నేనెక్కడ తిరుగుతున్నానో ఆ వివరాలు.
ముక్తసరి గారూ, ఆండ్రాయిడ్ 13. మోడల్‌తో పనేముంది, మామూలు ఫోనే.

పదకోశం · రాత్రి 12:04
చూశారా, ఇందుకే నేను మొత్తుకునేది. ఒకే మాటని నెట్ ప్యాక్‌కీ వాడతారు, వ్యక్తిగత వివరాలకీ వాడతారు. ఒకరు ఒకటి అడిగితే ఇంకొకరు ఇంకోటి చెబుతారు. మనకి 'దత్తాంశం' అనే చక్కటి మాట ఉంది. సమాచారం వేరు, దత్తాంశం వేరు. ముడిసరుకు దత్తాంశం, దాన్ని వండితే వచ్చేది సమాచారం. ముందు మాట స్పష్టంగా ఉంటే సమస్య సగం తీరినట్టే.

సగం_కొరికిన_పండు · 12:06
'దత్తాంశం అయిపోయింది, రీఛార్జ్ చెయ్యి' అని ఇంట్లో ఎప్పుడైనా అన్నారా మాస్టారూ?

పదకోశం · 12:09
అనలేదు. ఎందుకంటే అక్కడ అయిపోయింది దత్తాంశం కాదు, అంతర్జాల పరిమితి. మీరే నా వాదన నిరూపించారు.

వేళ్లూనినవాడు · 12:13
ఇవన్నీ పైపై పూతలు. రూట్ (ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం) లేని ఫోన్ మీద మీకున్న అధికారం అద్దె ఇంట్లో మేకు కొట్టుకునేంత. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లోడ్ చేసేది) అన్‌లాక్ చేయండి, రూట్ ఇచ్చే మ్యాజిస్క్ పెట్టండి, అసలైతే కంపెనీ ఆండ్రాయిడ్ బదులు లినియేజ్ ఓఎస్ వేసుకోండి. సయనోజెన్‌మాడ్ అనే పాత ఆండ్రాయిడ్ రూపం 2016 చివర్లో ఆగిపోతే దాన్నుంచే ఇది పుట్టింది, అప్పటినుంచీ వాడుతున్నా. కంపెనీ పెట్టిన చెత్త ఒక్కటీ ఉండదు. నేను పదేళ్లుగా చెబుతున్నా, వినేవాళ్లే లేరు.

టార్చిలైటు · 12:21
వేళ్లూనినవాడు గారూ, రీసెట్ వద్దని ఆయన మొదటి పోస్టులోనే అన్నారు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది కదా. అది రీసెట్ కాక ఇంకేంటి? పైగా ఆ తర్వాత ఫోన్‌లో మార్పులు చేశారా అని గూగుల్ చూసే ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో ఫెయిలై కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

గాలిపటం గారూ, మీరు కలిపేసిన రెండు విషయాలు విడదీసి చెబుతాను.

మొదటిది పర్మిషన్లు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటినుంచి కెమెరా, మైక్, కాంటాక్టుల్లాంటివి ఒక్కొక్కటీ మనల్ని అడిగి తీసుకోవాలి. 10లో 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే లొకేషన్' వచ్చింది, 11లో 'ఈ ఒక్కసారికే' వచ్చింది. 12లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ పెట్టారు, ఎవరు ఎప్పుడు మైక్ తీసుకున్నారో అందులో గంటల వారీగా కనిపిస్తుంది. మీది 13 కాబట్టి ఇవన్నీ ఉంటాయి. కానీ పర్మిషన్ మేనేజర్ ఒక్కటే చూసి ఊరుకోకండి. సెట్టింగ్స్‌లో స్పెషల్ యాప్ యాక్సెస్ అని వేరే చోటు ఉంది. నోటిఫికేషన్లు చదివే అధికారం, మిగతా యాప్‌ల మీద కనిపించే అధికారం అక్కడుంటాయి. నోటిఫికేషన్ యాక్సెస్ ఇచ్చామంటే, ఆ యాప్‌కి ఎస్సెమ్మెస్ పర్మిషన్ లేకపోయినా నోటిఫికేషన్‌లో వచ్చే ఓటీపీ కనిపించే అవకాశం ఉంది. యాక్సెసిబిలిటీ అయితే ఇంకా పెద్దది, స్క్రీన్ మీద ఉన్నది చదివేసి మన బదులు బటన్లు కూడా నొక్కగలదు. చాలామంది ఆ పేజీ ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. మా ఇంట్లోవాళ్ల ఫోన్లు చూసినప్పుడల్లా నాకు టెన్షన్ పుట్టేది అక్కడే.

ఇంకో మాట. ఇంటర్నెట్ వాడటానికి మామూలు ఆండ్రాయిడ్‌లో యాప్ మనల్ని అడగక్కర్లేదు, వేసుకోగానే వచ్చేస్తుంది. దాన్ని ఆపాలంటే నెట్‌గార్డ్ లాంటి ఫైర్‌వాల్ పెట్టుకోవాలి. రూట్ అవసరం లేదు, ఫోన్ లోపలే వీపీఎన్ రూపంలో కూర్చుని ఏ యాప్‌ని బయటికి వదలాలో చూస్తుంది. ఒకటే చిక్కు, అది నడుస్తుండగా వేరే వీపీఎన్ పెట్టలేరు.

రెండోది, పోనంటున్న ఆ యాప్. కంప్యూటర్ ఉందా? ఫోన్ అబౌట్ పేజీలో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. కంప్యూటర్లో ఏడీబీ (కేబుల్ మీదుగా ఫోన్‌కి కమాండ్‌లు పంపే సాధనం) ఉండాలి. అందులో కొట్టాల్సింది: ఏడీబీ షెల్ పీఎం అన్‌ఇన్‌స్టాల్, ఖాళీ వదిలి రెండు అడ్డగీతలు, వాటికి అంటుకుని యూజర్, ఖాళీ, సున్నా, ఖాళీ, యాప్ ప్యాకేజీ పేరు (సిస్టమ్‌లో ఆ యాప్‌కున్న అసలు పేరు). ఈ గుంపులో తెలుగు లిపే వాడాలన్న రూలు వల్ల ఇలా కథలా చెప్పాల్సొస్తోంది. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

బ్యాకప్_బాబాయ్ · 12:26
ఏ కమాండూ కొట్టకముందే బ్యాకప్ తీసుకోండి నాయనా. ఫొటోలు ఒకచోట, కాంటాక్టులు ఒకచోట, వాట్సాప్ చాట్ ఇంకోచోట. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. గూగుల్‌లో ఉన్నది టేకౌట్ ద్వారా దించుకోవచ్చు, 2011 నుంచీ ఉంది అది. తీసి పక్కన పడేసిన బ్యాకప్ బ్యాకప్ కాదు, తెరిచి చూసిందే బ్యాకప్. నా ఐదేళ్ల ఫొటోలు ఒకసారి...

ముక్తసరి · 12:27
బాబాయ్, ఆ కథ చాలాసార్లు చెప్పారు. గాలిపటం, మెసేజ్ ఏంటి అని అడిగాను.

సగం_కొరికిన_పండు · 12:31
మా ఐఫోన్ వైపు ఈ గొడవ లేదు. 2021లో ఐఓఎస్ 14.5 వచ్చినప్పటినుంచి ఏ యాప్ అయినా వేరే యాప్‌ల్లో, సైట్లలో మన జాడ తీయాలంటే ముందు అడగాల్సిందే. 15.2 నుంచి యాప్ ప్రైవసీ రిపోర్ట్ కూడా ఉంది, ఏ యాప్ ఏ సర్వర్‌తో మాట్లాడిందో చూపిస్తుంది.

వేళ్లూనినవాడు · 12:33
మీ వైపు మీ ఇంటి తాళమే మీ దగ్గర ఉండదు కదండీ. తెర తీసి ఎవరొచ్చారో చూపిస్తే సరిపోయిందా.

సగం_కొరికిన_పండు · 12:34
నాకు తాళం కాదు కావల్సింది, నిద్ర.

గాలిపటం · 12:58
టార్చిలైటు గారూ, చేశాను. మొదట ఫోన్ 'అన్‌ఆథరైజ్డ్' అని వచ్చింది.

టార్చిలైటు · రాత్రి 1:00
ఫోన్ తెర చూడండి. ఈ కంప్యూటర్‌ని నమ్మమంటారా అని చిన్న పెట్టె వచ్చి ఉంటుంది. లాక్ తీస్తేనే కనిపిస్తుంది.

గాలిపటం · 1:09
ఆఁ, అదే. నొక్కాను. ఈ ఊపులో ఎప్పుడూ వాడని ఒక గేమ్ స్టోరూ, న్యూస్ యాప్ ఒకటీ ఎగిరిపోయాయి! కానీ మెమరీ ఏమీ ఖాళీ అవ్వలేదేంటి? ఇక అసలు దొంగ దగ్గరికొచ్చేసరికి 'ఫెయిల్యూర్' అని, పక్కన 'డిలీట్ ఫెయిల్డ్ డివైస్ పాలసీ మేనేజర్' అని వచ్చింది. నాలుగుసార్లు కొట్టాను, అదే పాట.

వేళ్లూనినవాడు · 1:12
ఖాళీ ఎందుకవుతుంది? అది డిలీట్ కాదు. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ అనేస్తే సరిపోదు. సిస్టమ్ విభాగం చదవడానికే తప్ప రాయడానికి కుదరదు, యాప్ ఫైలు అక్కడే ఉంటుంది. మీ యూజర్‌కి కనపడకుండా చేశారంతే. రీసెట్ కొడితే మళ్లీ ప్రత్యక్షం.

టార్చిలైటు · 1:15
ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. అయితే కనపడని యాప్ నడవదు, నెట్ వాడదు. ఆయనకి కావల్సింది అదే. పొరపాటున పనికొచ్చేది తీసేస్తే 'ఇన్‌స్టాల్ ఎగ్జిస్టింగ్' అనే కమాండ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు కూడా, మీ రూట్ పద్ధతిలో అంత సుళువు కాదు. గాలిపటం గారూ, ఒక్కటే జాగ్రత్త. కీబోర్డు, లాంచర్ (హోమ్ స్క్రీన్ చూపించేది), వెబ్‌వ్యూ (యాప్‌ల్లో వెబ్ పేజీలు చూపించేది), ఏంటో తెలియని సిస్టమ్ పేర్లు, వీటి జోలికి వెళ్లకండి.

పదకోశం · 1:17
మెమరీ కాదు, స్టోరేజీ. మెమరీ అంటే ర్యామ్.

ముక్తసరి · 1:18
ఆ ఎర్రర్ అర్థం: ఆ యాప్ డివైస్ అడ్మిన్, అంటే ఫోన్‌ని నియంత్రించే ప్రత్యేక అధికారం ఉన్నది. సెక్యూరిటీలో డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని టిక్ తీసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి.
టిక్ కూడా కదలకపోతే: మూడోసారి అడుగుతున్నా, ఆ మెసేజ్ ఏంటి?

గాలిపటం · 1:26
టిక్ కూడా కదలట్లేదు. మెసేజ్ అంటే, అదే, 'ఇది మీ ఐటీ అడ్మిన్ ఆపేశారు, వివరాలకు అడ్మిన్‌ని సంప్రదించండి' అని. అందరి ఫోన్లలోనూ వచ్చేదేమో అనుకుని రాయలేదు. నాకే ఐటీ అడ్మినూ లేడండీ. మా ఇంట్లో ఫోన్ల సంగతి కాస్త తెలిసినవాణ్ణి నేనే.

టార్చిలైటు · 1:28
ఇది మొదట్లోనే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణే కాదు. లాక్ స్క్రీన్ మీద అడుగున చిన్న అక్షరాల్లో 'ఈ పరికరం మీ సంస్థది' లాంటిది ఏమైనా ఉందా? ఈ ఫోన్ ఎక్కడిది?

గాలిపటం · 1:31
ఉంది. వాల్‌పేపర్ మీద చదవడానికి రాక పట్టించుకోలేదు. మా బావ వాడేవాడు. కిందటేడు ఉద్యోగం మారాడు, కొత్త ఫోన్ కొనుక్కుని ఇది నాకిచ్చాడు. ఎందుకు?

ముక్తసరి · 1:32
అది మీ ఫోన్ కాదు.

మేఘమాల · 1:33
అదేంటండీ, బావగారు ప్రేమగా ఇచ్చారు కదా!

టార్చిలైటు · 1:44
ముక్తసరి గారు కటువుగా చెప్పారు గానీ సంగతి అదే. ఆఫీసు ఫోన్లలో రెండు పద్ధతులుంటాయి. ఒకటి వర్క్ ప్రొఫైల్. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది, ఆ గది వరకే వాళ్లది, మిగతాది మనది. రెండోది ఫోన్ మొత్తాన్నీ కంపెనీ పేరు మీద పెట్టడం, దాన్ని డివైస్ ఓనర్ అంటారు. మీరు చెప్పినదాన్ని బట్టి మీది రెండోదే. యాప్‌లు పెట్టడం, తీయకుండా ఆపడం, ఫోన్‌కి తాళం వేయడం, దూరం నుంచి మొత్తం తుడిచేయడం, ఇవన్నీ అడ్మిన్ చేతిలో ఉంటాయి. ఫోన్ ఏ సైట్లతో కనెక్టయిందో ఆ జాబితా కూడా వాళ్లు తీసుకునే వీలుంది. వాట్సాప్‌లో ఏం రాశారో మాత్రం ఈ అధికారంతో కనపడదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ వైపో సెక్యూరిటీ వైపో సంస్థ ఏమేం చూడగలదో చెప్పే పేజీ ఒకటి ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ఇందాక పర్మిషన్ల గురించి అంత చెప్పాను కదా, వాటన్నిటికీ పైన ఉన్న అధికారం ఇది.

వేళ్లూనినవాడు · 1:47
రికవరీలోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుంది. పావుగంట పని.

ముక్తసరి · 1:49
పోకపోవచ్చు. జీరో టచ్‌లో (ఫోన్ ఆన్ కాగానే దానంతటదే కంపెనీ అధీనంలోకి వచ్చే ఏర్పాటు) నమోదై ఉంటే రీసెట్ తర్వాత నెట్ తగలగానే మళ్లీ అదే యాప్ దిగుతుంది. నమోదు తీయాల్సింది కంపెనీయే. పైగా లోపల బావగారి గూగుల్ ఖాతా ఉండగా రికవరీ నుంచి కొడితే ఆయన పాస్‌వర్డ్ అడిగి కూర్చుంటుంది. ఆండ్రాయిడ్ 5.1 నుంచీ ఉన్న రక్షణే.

వేళ్లూనినవాడు · 1:52
దానికీ దార్లున్నాయి.

టార్చిలైటు · 1:53
ఉన్నా ఇక్కడ రాయకండి. వేరేవాళ్ల ఫోన్ అని తేలాక ఆ దార్లు మనకెందుకు. గాలిపటం గారూ, ముందు మీ ఫొటోలు, కాంటాక్టులు బయటికి తీసుకోండి. అడ్మిన్ ఎప్పుడైనా గుర్తొచ్చి వైప్ నొక్కితే అడగడానికి కూడా ఉండదు.

బ్యాకప్_బాబాయ్ · 1:54
నేను చెప్పింది ఇదే కదా! 12:26కే చెప్పాను!

గాలిపటం · ఉదయం 9:20
బావకి ఫోన్ చేశాను. "అవున్రా, అది ఆఫీసుది, తిరిగివ్వడం మర్చిపోయా, వాళ్లూ అడగలేదు" అన్నాడు. పాత మేనేజర్‌కి మెయిల్ పెడతాడట. వాళ్లు నమోదు తీసేస్తే ఉంచుకుంటా, లేకపోతే ఇచ్చేస్తాం. ఫొటోలు తీసేసుకున్నా. థాంక్స్ అందరికీ.

పదకోశం · ఉదయం 10:02
సంతోషం. మరి 'డివైస్ ఓనర్'ని తెలుగులో ఏమందాం? 'పరికర యజమాని' అంటే మళ్లీ ఫోన్ చేతిలో ఉన్నవాడనే అనుకుంటారు.

మేఘమాల · 10:15
'అత్తగారు' అనండి.

పదకోశం · 10:19
హాస్యం కాదండీ. 'నియంత్రణాధికారి' బాగుంటుందేమో చూడండి.

కొత్త_సభ్యుడు · మధ్యాహ్నం 3:41
నాదీ సేమ్ ప్రాబ్లం. యాప్ పోవట్లేదు. సొల్యూషన్ చెప్పండి అర్జెంట్.

ముక్తసరి · 3:42
మోడల్? వెర్షన్? మెసేజ్? ఎవరిచ్చారు?